లోహం మీద బొమ్మ: తెలుపు ఎక్కడికి పోయింది?

మా అక్కావాళ్ళు తెల్లాపూర్‌లో కొత్త ఫ్లాట్‌లోకి దిగినప్పుడు సోఫా వెనక గోడకి ఒక బొమ్మ కొన్నారు. కాన్వాస్ కాదు, అద్దం ఫ్రేమూ కాదు. బ్రష్డ్ (సన్నటి గీతలు పడేలా రుద్దిన) అల్యూమినియం రేకు మీద అచ్చేసిన రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ బొమ్మ. 1923లో ఆయన వేసిన ‘కంపోజిషన్ 8’: గీతలు, త్రిభుజాలు, అర్ధవృత్తాలు, ఎడమవైపు పైమూల గులాబీ అంచుతో నల్లటి పెద్ద వలయం, వెనకంతా మీగడ రంగు. షాపులో స్పాట్‌లైట్ కింద వెండి పళ్ళెంలా ధగధగలాడిందట. ఇంటికి తెచ్చి, నాలుగు స్టడ్లు బిగించి, ట్యూబ్‌లైట్ వేసేసరికి ఆ మీగడ కాస్తా సత్తుగిన్నె రంగుకి దిగింది. బావ రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వాల్చి చూసి, “లిఫ్ట్ తలుపు ఊడదీసి తెచ్చారా ఏంటి?” అన్నాడు.

అక్క నాకు ఫోన్ చేసింది. “నువ్వు బోర్డులూ హోర్డింగులూ వేయించే ఉద్యోగం చేశావు కదరా, ఒకసారి వచ్చి చూడు. మోసపోయామా, ఇదింతేనా?”

వెళ్ళి చూశాను. మోసమేం లేదు. రేకు అసలైనదే, అచ్చు శుభ్రంగానే ఉంది. కాకపోతే కొనేముందు అడగాల్సిన ఒక ప్రశ్న వీళ్ళు అడగలేదు, అమ్మినవాళ్ళు తమంతట తాము చెప్పలేదు. ఈ బొమ్మలో తెలుపు ఎక్కణ్ణుంచి వస్తోంది? వినడానికి పిచ్చి ప్రశ్నలా ఉంటుంది. కానీ లోహం మీద బొమ్మల విషయంలో ఏ చిక్కుముడి పట్టుకుని లాగినా, ధరదైనా, గోడదైనా, బొమ్మ ఎంపికదైనా, కొస వచ్చి ఇక్కడే తేలుతుంది.

ముగ్గుకి తిరగేసిన పని

ముగ్గు వేసేటప్పుడు తెలుపు మనం వేస్తాం. నేల నేలగానే ఉంటుంది. అచ్చు యంత్రం చేసేది సరిగ్గా దీనికి తిరగేసిన పని. మామూలు ప్రింటర్‌లో నాలుగే సిరాలు: సయాన్ (ఒక రకం నీలం), మెజెంటా (గులాబీ తిరిగిన ఎరుపు), పసుపు, నలుపు. తెల్ల సిరా ఉండదు. దినపత్రికలో నాయకుడి ఖద్దరు చొక్కా తెల్లగా కనిపించే చోట యంత్రం ఏమీ వేయలేదు, కాగితాన్ని అలా వదిలేసింది. లేత నీలం కావాలన్నా అంతే. నీలంలో తెలుపు కలపదు. సన్నటి నీలి చుక్కలు ఎడమెడంగా వేసి, మధ్యలోంచి కాగితాన్ని కనపడనిస్తుంది. అంటే అచ్చులో కనిపించే ప్రతి లేత రంగులోనూ కాగితానికి వాటా ఉంది.

ఇప్పుడా కాగితం తీసేసి అల్యూమినియం పెట్టండి. వదిలేసిన చోటల్లా లోహమే కనిపిస్తుంది, లేత రంగులన్నిట్లోనూ లోహమే కలుస్తుంది. కాగితం తన మీద పడ్డ వెలుగుని అన్ని వైపులకీ చిమ్ముతుంది కాబట్టి ఎక్కడ నిలబడి చూసినా తెల్లగానే ఉంటుంది. లోహం అంత ఉదారంగా ఉండదు. వెలుగు వచ్చిన కోణాన్ని బట్టి ఒక దారి పట్టి వెనక్కి పంపుతుంది. ఆ దారిలో మన కన్ను ఉంటే కాగితాన్ని మించి మెరుస్తుంది. లేకపోతే ఎదుటి గోడ మసకని తెచ్చి చూపిస్తుంది, బూడిద రంగులో. షాపులో అక్క కన్ను ఆ దారిలో ఉంది, ఇంట్లో సోఫా ముందు లేదు.

రంగుల సంగతి ఇంకాస్త తమాషా. ఈ సిరాలు చాలామటుకు పారదర్శకం. వెలుగు ఎర్ర సిరా గుండా లోపలికి పోయి, అడుగుని తాకి, మళ్ళీ అదే సిరా గుండా బయటికొస్తుంది. కాగితం మీదా ఇదే జరుగుతుంది, కానీ కాగితం ఆ వెలుగుని చెల్లాచెదురు చేస్తుంది. లోహం చెయ్యదు. అందుకే లోహం మీది ఎరుపు పూసిన రంగులా కాక, పెళ్ళి పందిట్లో వేలాడే జిగేలు కాగితంలా, లోపల్నించి వెలిగినట్టు ఉంటుంది. ఈ ఆకర్షణ నిజమైనదే. దాని కోసమే జనం వీటిని కొంటున్నారు, అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. తెలుపు పోవడం, ఎరుపు వెలగడం రెండూ ఒకే కారణం వల్ల జరుగుతున్నాయని తెలిస్తే చాలు.

ఒకే పేరు, మూడు సరుకులు

హైదరాబాద్‌లో ‘మెటల్ ప్రింట్’ కావాలని అడిగితే చేతికొచ్చేది మూడింట్లో ఏదో ఒకటి. పేరు మాత్రం అన్నిటికీ ఒకటే.

మొదటిది సబ్లిమేషన్. పుట్టినరోజులకి ఫోటో అచ్చేసిన కాఫీ కప్పులిస్తారే, అదే పద్ధతి. బొమ్మని ముందు ఒక ప్రత్యేకమైన కాగితం మీద తిరగేసి అచ్చువేస్తారు. దాన్ని పాలిమర్ పూత పూసిన అల్యూమినియం రేకు మీద బోర్లించి, దాదాపు 200 డిగ్రీల వేడిలో గట్టిగా నొక్కుతారు. కర్పూరం కరిగి నీరవకుండా నేరుగా ఆవిరైనట్టు, ఆ రంగు ఘన రూపం నుంచి నేరుగా ఆవిరై పూతలోకి దూరుతుంది. చల్లారాక అక్కడే చిక్కుకుపోతుంది. రంగు పైన ఉండదు, పూత లోపల ఉంటుంది కాబట్టి గోరుతో గీకినా రాదు. ఈ మూడింట్లో మన్నికైనది ఇదేనని నా లెక్క. అయితే ఈ పద్ధతిలో తెల్ల సిరా అన్నదే లేదు. రేకుకి ముందే తెల్లటి పూత ఉంటే తెలుపు తెలుపుగా వస్తుంది, కానీ అప్పుడు లోహపు గీతలు కనిపించవు. పారదర్శకమైన పూత ఉంటే గీతలు కనిపిస్తాయి, తెలుపు మొత్తం పోతుంది. బొమ్మలో ఒకచోట తెలుపు, ఇంకోచోట లోహం కావాలంటే కుదరదు.

రెండోది యూవీ ప్రింటింగ్. రేకుని బల్లలాంటి యంత్రం మీద పరిచి నేరుగా దాని మీదే సిరా చిమ్ముతారు. వెనకే నడిచే అతినీలలోహిత దీపం ఆ సిరాని అప్పటికప్పుడు గట్టిపరుస్తుంది. పంటి డాక్టరు పుప్పిపన్నులో మెత్తటి ముద్ద పెట్టి నీలి లైటు చూపిస్తే రాయిలా బిగుస్తుంది చూడండి, అలాంటిదే. సిరా పైనే పొరలా ఉంటుంది, కాబట్టి గీతలు పడే అవకాశం ఎక్కువ. కానీ దీనికి ఒక గొప్ప సౌకర్యం ఉంది. ఈ యంత్రాల్లో చాలావాటికి తెల్ల సిరా అయిదో రంగుగా ఉంటుంది. ముందు తెలుపు పరిచి దాని మీద రంగు వేయొచ్చు, లేదా నేరుగా లోహం మీదే వేయొచ్చు. ఒకే బొమ్మలో రెండూ చేయొచ్చు.

మూడోది స్టిక్కరింగ్. వినైల్ మీద అచ్చేసి రేకుకి అతికించి, పైన లామినేషన్ కొడతారు. దుకాణాల బోర్డులకి ఇది చక్కటి పద్ధతి. ఇంటి గోడకి డబ్బు పెట్టి కొనాల్సినది కాదు. కొన్నిసార్లు ఆ ‘బ్రష్డ్’ గీతలు కూడా వినైల్ మీద అచ్చేసినవే ఉంటాయి. కనిపెట్టడం తేలిక: ఫోన్ టార్చ్ వేసి పక్కకి జరపండి. నిజమైన గీతల మీద వెలుగు పొడుగ్గా సాగి టార్చ్‌తోపాటు పరుగెడుతుంది, అచ్చేసిన గీతల మీద అలా సాగదు.

రేకు గురించి కూడా ఒక మాట. బ్రష్డ్ అల్యూమినియం అని చెప్పి ఇచ్చేది చాలాసార్లు పూర్తి అల్యూమినియం కాదు, ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్). ఊళ్ళో సగం షోరూముల ముఖాలకి తొడిగిన షీటే. రెండు పల్చటి అల్యూమినియం పొరలు, మధ్యలో పాలిథిలీన్ ప్లాస్టిక్. మొత్తం మందం సాధారణంగా 3 లేదా 4 మిల్లీమీటర్లు. బొమ్మకి ఇది చెడ్డ ఎంపికేం కాదు. తేలిక, వంగదు, చదునుగా ఉంటుంది. కానీ ఆ ప్లాస్టిక్ మండుతుంది. 2017లో లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ మంటలు అంత వేగంగా పాకడానికి భవనం చుట్టూ తొడిగిన ఇలాంటి షీట్లే ప్రధాన కారణమని విచారణలో తేలింది. గోడ మీద ఒక్క బొమ్మకీ ఇరవై నాలుగు అంతస్తుల తొడుగుకీ పోలిక లేదు, నిజమే. అయినా దేవుడి గూట్లో దీపం పైన, వంటింట్లో పొయ్యి వెనక మాత్రం దీన్ని పెట్టకండి.

అసలు నిర్ణయం ఎవరు తీసుకుంటున్నారు?

ఒకప్పుడు బోర్డుల పని మీద బాలానగర్ వైపు తరచూ వెళ్ళేవాణ్ణి. యూవీ యంత్రం దగ్గర నిలబడ్డ కుర్రాడు ఫైల్ తెరవగానే అడిగే మొదటి మాట నాకింకా గుర్తే: “సార్, వైట్ మీద కొట్టాల్నా, డైరెక్ట్ మెటల్ మీద కొట్టాల్నా?” నాలాంటివాళ్ళం అప్పట్లో “ఏది బాగుంటే అది కొట్టు” అనేవాళ్ళం. ఎంత బాధ్యత లేని జవాబో ఇప్పుడు తెలుస్తోంది.

ఎందుకంటే తెల్ల సిరా ఎక్కడ పడాలో యంత్రం తనంతట తాను నిర్ణయించలేదు. బొమ్మ ఫైల్లో రంగుల పొరలతోపాటు తెలుపు కోసం వేరే పొర ఒకటి తయారు చేయాలి. ఎక్కడ పూర్తిగా తెలుపు, ఎక్కడ సగం, ఎక్కడ అసలు వద్దు అన్నది ఒక మనిషి కూర్చుని గీయాలి. కాండిన్‌స్కీ గీయలేదు ఆ పొర. ఆయనకి దాని అవసరమే రాలేదు. కాబట్టి మీ గోడ మీది కాండిన్‌స్కీకి సహ చిత్రకారుడు ఒకరున్నారు: ఆ పొర గీసిన డిజైనరు. లేదా గీయకుండా వదిలేసిన డిజైనరు. అక్క కొన్న బొమ్మలో జరిగింది రెండోది. మొత్తం డైరెక్ట్ కొట్టేశారు. మీగడ రంగు నేపథ్యమంతా సన్నటి పసుపు చుక్కలు, మధ్యలో వట్టి లోహం.

తెలుపు పొర వేస్తే ఖర్చు పెరుగుతుంది, సమయమూ పెరుగుతుంది. అందుకే అడగకపోతే వేయరు. అడిగితే చాలామంది కాదనరు.

స్టీలు గిన్నె అడుగు చెప్పే పాఠం

బ్రష్డ్ అన్న పేరు విని కుంచె అనుకోవద్దు. గరుకు పట్టీతో లోహాన్ని ఒకే దిశలో రుద్దితే పడే వెంట్రుకవాసి గీతలవి. స్టీలు పనివాళ్ళు హెయిర్‌లైన్ ఫినిష్ అంటారు. లిఫ్ట్ తలుపులకీ, ఫ్రిజ్‌లకీ ఉండేది అదే, కాబట్టి బావ పోలిక సాంకేతికంగా చూస్తే నూటికి నూరుపాళ్ళు సరైనది.

ఈ గీతలు వెలుగుతో ఏం చేస్తాయో తెలుసుకోవడానికి బేగంబజార్‌లో కొన్న ఏ స్టీలు గిన్నెనైనా బోర్లించి చూడండి. అడుగున గుండ్రంగా మెరుగు పట్టిన సన్నటి గీతలుంటాయి. కానీ వెలుగు గుండ్రంగా కనిపించదు. మధ్య నుంచి అంచుకి, ఫ్యాను రెక్కల్లా రెండు పట్టీలుగా కనిపిస్తుంది. గిన్నె పట్టుకుని మీరు పక్కకి జరిగితే పట్టీలూ తిరుగుతాయి. సూత్రం ఇది: వెలుగు గీతల వెంట సాగదు, గీతలకి అడ్డంగా సాగుతుంది.

గోడ మీద బొమ్మకి దీన్ని అన్వయిస్తే చాలా విషయాలు తేలిపోతాయి. రేకు మీద గీతలు అడ్డంగా ఉంటే, సీలింగ్ లైటు వెలుగు నిలువు పట్టీలా కనిపిస్తుంది. మీరు హాల్లో అటునుంచి ఇటు నడుస్తుంటే ఆ పట్టీ బొమ్మ మీద మీతోపాటు నడుస్తుంది. గీతలు నిలువుగా ఉంటే వెలుగు అడ్డపట్టీగా ఒక ఎత్తులో నిలుస్తుంది. నడిచినా అంతగా కదలదు. మనుషులు అటూ ఇటూ తిరిగే వసారాకి మొదటిది బాగుంటుంది. ఎదురుగా కూర్చుని టీ తాగే చోట రెండోది నయం. కదిలే మెరుపు మొదటి వారం ముచ్చటగా ఉంటుంది, తర్వాత కంటికి అడ్డం తగులుతుంది. ఇది నా అభిప్రాయమే, బల్లగుద్ది చెప్పడం లేదు.

ఇక్కడ కోతలో ఒక తిరకాసు ఉంది. ఏసీపీ షీటు మామూలుగా 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు వస్తుంది, గీతలు పొడుగు వెంట ఉంటాయి. షీటు వృథా కాకుండా ముక్కలు సర్దేటప్పుడు కోసేవాళ్ళు ఒక ముక్కని నిలువుగా, ఇంకొకదాన్ని అడ్డంగా తీయొచ్చు. ఒంటరి బొమ్మైతే పెద్ద నష్టం లేదు. ఒకే బొమ్మని మూడు పలకలుగా చేసి పక్కపక్కన పెట్టే సెట్లలో మాత్రం ఘోరం: ఒక పలక వెలుగుతుంటే పక్కది చీకట్లో ఉంటుంది, రంగే వేరన్నంతగా. పట్టుబట్టలో పడుగూ పేకా వేరు రంగులైతే చీర కోణం మారగానే రంగు మారినట్టే ఇదీ. చీరలో అది అందం, మూడు పలకల బొమ్మలో తప్పు. ఆర్డరిచ్చేటప్పుడే “గ్రెయిన్ (గీతల దిశ) అన్నిటికీ ఒకే వైపు ఉండాలి” అని రాయించండి.

లైటు రంగు సంగతి కూడా చెప్పేస్తాను. వట్టి లోహానికి సొంత రంగంటూ దాదాపు లేదు, ఇంట్లో ఏ బల్బు ఉంటే ఆ రంగే. 6500 కెల్విన్ తెల్లటి ట్యూబ్‌లైట్ కింద నీలం తిరిగిన బూడిదలా, 3000 కెల్విన్ వార్మ్ లైట్ కింద నెయ్యి రంగులో కనిపిస్తుంది. అక్క ఇంట్లో మొదటిదే ఉంది.

ఏ బొమ్మలు లోహానికి నప్పుతాయి?

మనిషి ముఖం ఉన్న బొమ్మలు లోహం మీద సాధారణంగా చెడతాయి. చర్మంలోంచి బూడిద మెరుపు, బుగ్గల మీదుగా గీతలు. బతికున్నవాళ్ళని కూడా అలా చూడలేం. అమూర్త (ఆబ్‌స్ట్రాక్ట్) చిత్రాలకి ఈ ఇబ్బంది లేదు, ‘ఇది ఇలాగే ఉండాలి’ అని మన కన్నుకి ముందే తెలిసిన ఆకారం అందులో ఉండదు కనుక. అందుకే ఈ వ్యాపారంలో అమూర్తానికి అంత చోటు. కానీ అమూర్తమంతా ఒకటి కాదు.

డచ్ చిత్రకారుడు మోండ్రియాన్‌ని తీసుకోండి. నల్లటి గీతలు, కొంచెం ఎరుపు, నీలం, పసుపు, మిగతాదంతా తెలుపు. అచ్చులో చూస్తే ఆ తెలుపు ఖాళీలా అనిపిస్తుంది. అసలు చిత్రాల్లో అది ఖాళీ కాదు, ఒక్కో గడిలో కుంచె ఒక్కో దిశలో నడిచిన మందమైన పూత. ఆ తెలుపే చిత్రానికి కండ. దాన్ని లోహానికి వదిలేస్తే మిగిలేది రంగుల అతుకులేసిన కిటికీ జాలీ. మాలెవిచ్ అనే చిత్రకారుడు 1918లో తెలుపు మీద తెలుపు చతురస్రం వేశాడు. దాన్ని డైరెక్ట్ కొట్టించాలనుకునేవారికి నా సలహా, వట్టి రేకు కొనుక్కోండి, అచ్చు డబ్బులు మిగులుతాయి.

మన దేశపు అమూర్త చిత్రకారుడు గాయ్తొండే విషయం వేరు. ఆయన (1924–2001) రోలర్‌తో, పాలెట్ కత్తితో రంగుని పొర మీద పొరగా పరిచి, గీకి, మళ్ళీ పరిచేవాడు. వెలుగు ఆ పొరల లోతు నుంచి వచ్చినట్టుంటుంది. లోహం మీద పారదర్శక సిరాకి ఈ గుణం కొంత సహజంగానే ఉంది కాబట్టి, ఆ తరహా బొమ్మలు పైపైన చూస్తే బాగా నప్పుతాయి. కానీ ఆయన గీకిన గరుకంతా అచ్చులో చదునైపోతుంది. దాని స్థానంలో ఫ్యాక్టరీ గీసిన సమానమైన గీతలొస్తాయి. ఒక మనిషి తడబడి, ఆలోచించి, మార్చుకున్న ఉపరితలం మీద యంత్రం ఒకే దిశలో దువ్వెన పెట్టినట్టు. మందంగా రంగు పేర్చిన ఏ చిత్రానికైనా ఇదే గతి. అమెరికన్ చిత్రకారుడు పోలాక్ కాన్వాస్ మీద చిమ్మిన రంగు తాళ్ళు కూడా నున్నగా అయిపోతాయి.

మరి ఏవి నిజంగా బాగుంటాయి? దీనికి జవాబు మన పక్కనే ఉంది, బీదర్ లోహపు పని బిద్రీలో. 1956 దాకా బీదర్ హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీ హుక్కా బుడ్డీలు, పళ్ళేలు చూసే ఉంటారు. జింకూ రాగీ కలిసిన లోహంలో వెండి పొదిగి, చివర్లో బీదర్ కోట మట్టి, నవాసారం కలిపిన ద్రావణంలో వేస్తారు. మిశ్రమలోహం కాటుకలా నల్లబడుతుంది, వెండి అలాగే మిగులుతుంది. ఆ పనివాళ్ళకి తెలిసిందేమిటంటే, లోహం మెరవాలంటే చుట్టూ చాలా నలుపు కావాలి, మెరుపు తక్కువ చోట ఉండాలి. ఇక్కడ లోహం తెలుపుకి బదులు నిలబడటం లేదు, వెలుగుగానే నిలబడుతోంది.

ఆ కళ్ళతో చూస్తే కాండిన్‌స్కీదే ఇంకో చిత్రం ఉంది, 1926 నాటి ‘సెవరల్ సర్కిల్స్’. దాదాపు నల్లటి నేపథ్యం మీద తేలే రంగు వలయాలు. నలుపు సిరా లోహాన్ని చాలావరకు మింగేస్తుంది, వలయాల్లో అక్కడక్కడ మాత్రం లోహం ఊపిరి పీలుస్తుంది. అక్క ‘కంపోజిషన్ 8’ బదులు దీన్ని కొని ఉంటే ఫోన్ చేసేది కాదేమో. ఒకే చిత్రకారుడు, మూడేళ్ళ తేడా, లోహం మీద మాత్రం రెండు విధాల ఫలితం.

లోహం మీద బొమ్మ కొత్తదేం కాదన్న సంగతీ చెప్పాలి. 16, 17 శతాబ్దాల్లో యూరప్‌లో చిన్న చిన్న రాగి రేకుల మీద తైలవర్ణాలు వేసేవారు. ఆ కాలపు చిత్రకారుడు యాన్ బ్రూగెల్‌కి (తండ్రికి) అది ఇష్టమైన పద్ధతి. కానీ వాళ్ళు రాగిని ఎంచుకున్నది నునుపు కోసం. రంగు దాన్ని పూర్తిగా కప్పేసేది. మనం లోహం కనిపించాలని కొంటున్నాం.

ఫైలు, కొలత, హక్కు

అక్క బొమ్మ 36 అంగుళాల వెడల్పు, 24 ఎత్తు. అసలు చిత్రం సుమారు 201 సెంటీమీటర్ల వెడల్పు, 140 ఎత్తు. ఆ నిష్పత్తి ప్రకారం 36 అంగుళాల వెడల్పుకి 25 అంగుళాల పైచిలుకు ఎత్తు రావాలి. అంటే షాపువారి ‘స్టాండర్డ్ సైజు’ కోసం పైనా కిందా కలిపి అంగుళం పైన కోసేశారు. గీతల పొడుగులూ ఖాళీలూ కొలిచి పెట్టుకున్న చిత్రంలో అంగుళం చిన్న విషయం కాదు. అక్క మాత్రం “పోనీలే, ఆ అంగుళంలో ఏముందో నాకెలాగూ తెలీదు” అంది. న్యాయమే.

ఫైలు విషయంలో ఒక చిన్న లెక్క. 36×24 అంగుళాల బొమ్మ దగ్గర్నుంచి చూసినా బాగుండాలంటే అంగుళానికి 150 చుక్కలైనా ఉంటే మంచిది, అంటే 5400×3600 పిక్సెళ్ళు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన బొమ్మ పొడుగువైపు 1600 పిక్సెళ్ళకి కుదించుకుపోతే అంగుళానికి 44 మాత్రమే మిగులుతాయి. లోహపు గీతలు ఆ మసకని కొంత దాచేస్తాయి. కొందరు అమ్మకందార్లకి ఇది బాగా తెలుసు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం లాంటివి హక్కులు ముగిసిన కళాఖండాల పెద్ద ఫైళ్ళని ఉచితంగానే ఇస్తున్నాయి, 2017 నుంచి వాటిని ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చు. అక్కణ్ణుంచి తెచ్చుకుంటే సగం తలనొప్పి పోతుంది.

హక్కుల లెక్క మన చట్టంలో తేలికైనదే. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం చిత్రకారుడు చనిపోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ళు. కాండిన్‌స్కీ, మోండ్రియాన్ ఇద్దరూ 1944లో పోయారు, కాబట్టి 2004 చివరితో ఇక్కడ గడువు తీరింది. చిత్రకారుడు పాల్ క్లే 1940లో పోయాడు, ఆయన చిత్రాలూ స్వేచ్ఛే. అమెరికన్ చిత్రకారుడు రోత్కో 1970లో పోయాడు, 2030 చివరి దాకా హక్కులుంటాయి. గాయ్తొండేకి 2061 దాకా, బిందువు చిత్రాలకి పేరుపడ్డ ఎస్.హెచ్. రజాకి 2076 దాకా. కరీంనగర్ జిల్లాలో పుట్టి హైదరాబాద్‌లో స్థిరపడ్డ పి.టి. రెడ్డి తాంత్రిక చిత్రాలు లోహానికి బాగా నప్పుతాయని నాకనిపిస్తుంది, కానీ ఆయన 1996లో పోయారు, 2056 దాకా వారసుల అనుమతి కావాలి. రజా బిందువులు ఊళ్ళో ఎక్కడ పడితే అక్కడ అచ్చులుగా దొరుకుతున్నాయంటే అవన్నీ అనుమతితో వచ్చినవని అనుకోకండి.

ఇంకో అపోహ: పెయింటింగ్ కొంటే అచ్చు హక్కు కూడా వస్తుందని. రాదు. కాన్వాస్ మీ సొంతం, హక్కు చిత్రకారుడిది. చట్టం 57వ సెక్షన్ ఇంకో మెట్టు పైకెళ్తుంది. తన పేరుకి మచ్చ తెచ్చేలా కృతిని వికృతం చేస్తే హక్కులు అమ్మేసుకున్న కళాకారుడు కూడా అడ్డుపడొచ్చు. విజ్ఞాన్ భవన్‌లోని తన కాంస్య కుడ్యశిల్పాన్ని ప్రభుత్వం ఊడదీసి పాడుచేసిందని అమర్‌నాథ్ సెహగల్ వేసిన కేసులో 2005లో ఢిల్లీ హైకోర్టు ఆయన పక్షానే తీర్పిచ్చింది. ఊళ్ళోని ఒక చిత్రకారుడి బొమ్మ నచ్చితే, ఆయన్నే అడిగి, ఫైలు తీసుకుని, తెల్లపొర ఎక్కడ వేయాలో ఆయన చేతే గీయించుకుంటే ఎలా ఉంటుందని నా మనసులో ఎప్పట్నించో ఉంది. అప్పుడది నకలు కాదు, లోహం కోసం ఆయన చేసిన మరో రూపం. గాలరీల వాళ్ళు ఇలాంటి పని ఎందుకు ఎక్కువగా చేయించరో నాకర్థం కాదు.

గోడ, గుడ్డ

లోహానికి వానాకాలం బాధ తక్కువ. కాన్వాస్‌లా వదులవదు, కాగితంలా బూజు పట్టదు, తుప్పు రాదు. దాని శత్రువు తడి సిమెంటు. సిమెంటులో క్షారం ఉంటుంది, అల్యూమినియాన్ని తినేస్తుంది. కొత్త ఫ్లాటు గోడ పూర్తిగా ఆరకముందే రేకుని గోడకి ఆనించి అతికించడం మంచిది కాదు. స్టడ్ల మీద వేళ్ళు దూరేంత ఎడం ఉంచితే చాలు, ఆ ఎడం వల్ల వెనక పడే నీడ కూడా బాగుంటుంది. బరువుకి భయం లేదు, 36×24 అంగుళాల 3 మిల్లీమీటర్ల ఏసీపీ రెండు కిలోల పైచిలుకే. బాల్కనీ ఎండ నేరుగా పడే చోట ఏ రంగైనా వెలుస్తుంది, అక్కడ వద్దు.

తుడవడానికి పాత పంచె గుడ్డ, అవసరమైతే కొంచెం నీళ్ళు. గీతల వెంటే తుడవాలి, అడ్డంగా కాదు. ఇత్తడి సామాన్లకి వాడే చింతపండు, పీతాంబరి, విభూది, స్టీలు పీచు, వీటిలో ఏదీ దాని దగ్గరికి రాకూడదు. మా అమ్మకి ఈ మాట రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. “మెరవట్లేదని అంటున్నావు, తోమొద్దంటున్నావు, ఇదేం వస్తువురా,” అంది.

చివరికి అక్క ఇంట్లో చేసింది చాలా చిన్న పని. బొమ్మని సోఫా వెనక గోడ నుంచి తీసి, బాల్కనీ తలుపుకి పక్కవాటంగా ఉన్న వసారా గోడకి మార్చాం. ఎండ తగలదు, వెలుగు మాత్రం పక్కనుంచి వస్తుంది. పైన రెండు వార్మ్ స్పాట్‌లైట్లు పెట్టించాం. పొద్దున ఎనిమిదింటికి, వంటింట్లోంచి వచ్చేవాళ్ళకి ఆ మీగడ రంగు ఓ పదడుగుల మేర తిరిగొస్తుంది. పడగ్గది వైపు నుంచి వస్తే ఇప్పటికీ లిఫ్ట్ తలుపే. బావ కావాలనే అటునుంచి వస్తాడు. సోఫా వెనక గోడకి నాలుగు డ్రిల్ రంధ్రాలు మిగిలాయి, వాటి మీద క్యాలెండర్ తగిలించారు. అది రెండింటినే కప్పింది.